బరువు ఎటు పోతోంది, వెలుగు ఎటునుంచి వస్తోంది

అందరికీ నమస్కారం.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం 'మధ్యయుగం నుంచి బరోక్ దాకా యూరప్ కళ, కట్టడాలు'. బరోక్ అంటే 17వ శతాబ్దపు ఆడంబరమైన శైలి. మొత్తం సుమారు 600 ఏళ్లు, ఓ పది దేశాలు, కొన్ని వందల పేర్లు. గంటలో ముగించమన్నారు. పేర్లన్నీ వరసగా చదివితే గంట సరిపోతుంది గానీ, ఇంటికెళ్లేసరికి మీకు ఒక్కటీ గుర్తుండదు. అందుకని రెండే రెండు ప్రశ్నలు పట్టుకుని కొన్ని కట్టడాల్లోకి వెళ్దాం. లోపలికి అడుగు పెట్టగానే తల పైకెత్తి అడగాల్సిన ప్రశ్నలవి. ఈ కప్పు బరువు ఎటు పోతోంది? ఈ వెలుగు ఎటునుంచి వస్తోంది? రాజులూ పోపులూ యుద్ధాలూ మధ్యలో వస్తారు, పోతారు. వాళ్లని మనం పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

ముందు బరువు సంగతి చూద్దాం. ఇప్పుడు మనం స్లాబు వేస్తాం. లోపల ఇనుముంటుంది, బరువు తిన్నగా పిల్లర్లలోకి దిగిపోతుంది. 11వ శతాబ్దంలో ఆ వీలు లేదు. చర్చికి చెక్క కప్పు వేస్తే పిడుగుకో కొవ్వొత్తికో తగలబడిపోయేది. సరే, రాతి కప్పు వేద్దామంటే ఆర్చి తిప్పక తప్పదు. ఆర్చితో చిక్కేమిటంటే, దాని బరువు కిందికి దిగి ఊరుకోదు, రెండు పక్కలా గోడల్ని బయటికి తోస్తుంది. ఆ తోపుడుకు నిలబడాలంటే గోడ బాగా మందంగా ఉండాలి. అంత మందపు గోడలో పెద్ద కిటికీ తెరిస్తే మళ్లీ బలం పోతుంది. అందుకే ఆ కాలపు చర్చిల్లో చిన్న కిటికీలు, లోపలంతా మసక చీకటి. ఇదిగో, ఇది ఇంగ్లండ్‌లోని డరమ్ కేథడ్రల్, అంటే బిషప్ పీఠముండే పెద్ద చర్చి. 1093లో మొదలుపెట్టారు. ఆ స్తంభాల లావు చూడండి. కప్పు అడుగున రాతి బద్దలు ఒకదాన్నొకటి దాటుతూ పోతున్నాయి, అవి కూడా చూడండి. రిబ్స్ అంటారు. వాటి సంగతి ఫ్రాన్స్ వెళ్లాక తేలుతుంది.

పారిస్‌కి ఉత్తరాన సాన్ దెనీ మఠం. ఫ్రాన్స్ రాజుల సమాధులుండే చోటు. 12వ శతాబ్దంలో దానికి మఠాధిపతి సుజే. రాజులకు సలహాదారు, లెక్కల్లో గట్టివాడు, కాస్త ఆడంబరం కూడా ఉన్న మనిషి. పాత చర్చి ఇరుకైపోయిందని పెంచడం మొదలుపెట్టాడు. తాను కట్టించిందాని గురించి తానే రాసుకున్నాడు కాబట్టి మనకు అక్కడి ముచ్చట్లు తెలుస్తున్నాయి. ఒకసారి కప్పుకి పెద్ద దూలాలు కావాల్సొచ్చాయి. వడ్రంగులేమో ఈ చుట్టుపక్కల అంత పెద్ద చెట్లు లేవన్నారు. ఈయనకు రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారుతూనే దూలాల కొలతలు పట్టుకుని, వడ్రంగుల్ని వెంటేసుకుని అడవికెళ్లాడు. ముళ్లపొదల్లో పడి వెతికి, మధ్యాహ్నం దాటేలోపు సరిగ్గా కావాల్సిన 12 మాన్లు చూపించాడట. పెద్ద మానుల కరువు అప్పటికే మొదలైందన్నమాట. ఈ కలప సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ఫ్లోరెన్స్‌లో మళ్లీ పనికొస్తుంది.

ఇంకో సంఘటన ఇంతకంటే టెన్షన్ పెట్టేది. కొత్త తూర్పు భాగంలో ఆర్చీలు లేచాయి గానీ వాటి మధ్య కప్పు ఇంకా పూడ్చలేదు. ఒక్కో ఆర్చి ఒంటరిగా గాల్లో నిలబడి ఉంది. అప్పుడొచ్చింది తుఫాను గాలి. కింద షార్త్ర్ బిషప్ పూజ చేస్తున్నాడు. పైన ఆర్చీలు అటూ ఇటూ ఊగుతున్నాయి. ఆయన ఒక మహాత్ముడి అస్థికను పట్టుకుని వాటివైపు చెయ్యెత్తుతూ ఉన్నాడు. ఆ గాలికి వేరేచోట్ల గట్టి భవనాలు కూలాయి, ఈ ఆర్చీలు మాత్రం కూలలేదని సుజే రాశాడు. ఆయన దాన్ని దేవుడి మహిమ అన్నాడు. నేను మేస్త్రి పనితనం అంటాను. ఏదేమైనా 1144 జూన్ 11న ఆ భాగాన్ని ప్రతిష్ఠ చేశారు. గోతిక్ అనే కొత్త శైలి కట్టడాల కథ అక్కడ మొదలైందని చాలామంది ఒప్పుకుంటారు.

అక్కడ జరిగిన కొత్త పనేమిటి? మొనదేలిన ఆర్చి, రాతి బద్దలు విడివిడిగా ముందే ఉన్నాయి. అక్కడ రెండూ ఒక లెక్కలో కలిశాయి. అర్ధచంద్రాకారపు ఆర్చి పక్కలకు ఎక్కువ తోస్తుంది. మొనదేలినదైతే బరువును ఎక్కువగా కిందికి దించుతుంది. కప్పు బరువును బద్దలు పట్టుకుని కొన్ని స్తంభాల మీదికే తెస్తాయి. ఇక మిగిలిన తోపుడుకి కొన్నేళ్ల తర్వాత ఇంకో ఉపాయం వచ్చింది. గోడకు దూరంగా బయట ఒక రాతి దిమ్మె కట్టి, దాని మీదనుంచి గాల్లో ఒక రాతి చెయ్యి చాపి, గోడ పైభాగానికి ఆనించారు. అదే ఫ్లయింగ్ బట్రెస్. ఇంత ఏర్పాటు జరిగాక మధ్యనున్న గోడకు మోసే పనే లేదు. పనిలేని గోడను తీసేసి అద్దం పెట్టారు.

షార్త్ర్ కేథడ్రల్‌కి వెళ్తే ఆ అద్దాల సంగతి తెలుస్తుంది. 1194లో పాత చర్చి కాలిపోయింది. మరియమ్మ వస్త్రంగా ఊరంతా కొలిచే గుడ్డ కూడా బుగ్గయిపోయిందని జనం ఏడ్చారు. రెండుమూడు రోజులకు అది నేలమాళిగలో భద్రంగా బయటపడింది. ఇంకేముంది, ఆవిడకు ఇంతకంటే పెద్ద గుడి కావాలన్నమాట! పాతికేళ్లకు అటూ ఇటూగా పెద్ద పని ముగిసింది. ఆ వేగం ఆ రోజులకు చాలా ఎక్కువ.

ఒక కిటికీ దగ్గరికి వెళ్లి కింది వరస చూడండి. పైనంతా సాధువులు, దేవదూతలు. కింద ఒక చిన్న గడిలో రొట్టెలమ్మేవాడు బుట్ట పెట్టుకుని ఉన్నాడు. ఇంకో కిటికీ కింద చెప్పులు కుట్టేవాడు, మరోదాని కింద ఉన్నిబట్టల వ్యాపారి. కన్ను సరిగ్గా వాళ్లున్నంత ఎత్తులోనే ఆగుతుంది. ఆ అద్దం చేసే పద్ధతి కూడా చెప్పాలి. ఇసుక, కట్టెల బూడిద కలిపి కరిగిస్తారు. కోబాల్ట్ కలిపితే నీలం, రాగితో ఎరుపు. పెద్ద బల్ల మీద సున్నం పూసి, బొమ్మను అసలు కొలతలో గీస్తారు. కాల్చిన ఇనుప కడ్డీతో అద్దాన్ని ఆ గీతల వెంబడి పగలగొట్టి, అంచులు గిల్లి సరిచేస్తారు. ముఖం, వేళ్లు, గుడ్డ ముడతలు గోధుమరంగుతో గీసి కొలిమిలో మళ్లీ కాలుస్తారు. చివరికి ముక్కలన్నిటినీ సీసపు బద్దెలతో కలుపుతారు. ఇన్ని తిప్పలు పడ్డాక ఆ కిటికీ బయటినుంచి చూస్తే నల్లగా, మురికిగా కనపడుతుంది. బయటి ఎండ దాని గుండా లోపలికి వస్తేనే అందులో బొమ్మ ఉన్నట్టు. 1939లో యుద్ధం వస్తుందని తెలిసి, ఆ అద్దాలన్నీ ఊడదీసి దాచారు. ఇవాళ మనం చూడగలుగుతున్నామంటే అందుకే.

మన వైపు చాలామంది ఇలాంటి కిటికీని మొదటిసారి చూసింది మెదక్ చర్చిలోనే అయ్యుంటుంది. అది 1924లో పూర్తయింది. అసలు గోతిక్ కాలానికి ఆరేడు వందల ఏళ్ల తర్వాత ఆ పద్ధతి మీద మోజుతో కట్టినది. యేసు పుట్టుక, శిలువ, ఆరోహణం ఉన్న కిటికీలు అక్కడున్నాయి. ఈసారి వెళ్తే ఎండ బాగా ఉన్న వేళకు వెళ్లండి. మబ్బు పట్టిన రోజు వెళ్తే సగం చర్చే చూసినట్టు.

ఇక ఎత్తు మీద ఆశ. ఒక ఊరు కడితే పక్క ఊరు ఇంకో రెండు మీటర్లు పైకి. ఈ పోటీ బోవే అనే ఊళ్లో ఆగింది. 1272లో అక్కడ తూర్పు భాగం పూర్తయింది. లోపల కప్పు ఎత్తు 48 మీటర్లు, అంటే 16 అంతస్తుల భవనమంత. పన్నెండేళ్లకు, 1284లో కప్పులో కొంత కూలింది. ఎందుకు కూలిందో ఇప్పటికీ ఇంజనీర్లు వాదించుకుంటూనే ఉన్నారు. స్తంభాల మధ్య దూరం ఎక్కువైందని అప్పటి మేస్త్రీలు అనుకున్నట్టున్నారు, ఉన్న స్తంభాల మధ్య ఇంకో స్తంభం చొప్పున నిలబెట్టి మళ్లీ కట్టారు. అంతటితో బుద్ధి తెచ్చుకోవచ్చు కదా? 1569లో దాని నెత్తిన 153 మీటర్ల శిఖరం పెట్టారు. పశ్చిమాన దాన్ని ఆనుకుని నిలబెట్టే హాలు ఇంకా కట్టనే లేదు. 1573లో ఆరోహణ పండగ రోజు, జనం ఊరేగింపుగా బయటికెళ్లిన సమయంలో శిఖరం పడిపోయింది. ఆ హాలు ఇప్పటికీ లేదు. బోవే వెళ్తే సగం చర్చి, దాని పక్కన ఖాళీ. నాకు మాత్రం అన్ని కేథడ్రల్స్‌లోనూ అదే ఎక్కువ ఇష్టం. లెక్కలు తెలియకుండా, తాడు, కంపాస్, తాతల నాటి నిష్పత్తులతో మనిషి ఎంతదాకా వెళ్లగలడో అక్కడ కళ్లకు కడుతుంది.

ఇటలీకి వెళ్దాం. అక్కడ ఎండకు కరువు లేదు. గోడ తీసేసి అద్దం పెట్టాలన్న తొందర వాళ్లకు లేదు. గోడలు మిగిలాయి, మిగిలిన గోడల మీద బొమ్మలు వేశారు. పాదువా ఊళ్లో స్క్రోవేన్యీ చాపెల్ అనే చిన్న ప్రార్థనామందిరం చూడండి. మామూలు ఇటుక గది, ఒక వైపే కిటికీలు. కట్టించినవాడు ఎన్రికో స్క్రోవేన్యీ. తండ్రి రెజినాల్దో పేరుమోసిన వడ్డీ వ్యాపారి. ఎంత పేరంటే, కవి దాంతే తన కావ్యంలో ఆయన్ని నరకంలో కూర్చోబెట్టాడు. మెడలో డబ్బు సంచి, దాని మీద ఆ ఇంటి గుర్తయిన నీలి పంది. వడ్డీ సొమ్ము పాపమని చర్చి చెప్పేది. కొడుకు ఆ సొమ్ముతో చాపెల్ కట్టి, చిత్రకారుడు జొత్తో చేత నాలుగు గోడలూ బొమ్మలు వేయించాడు. 1305లో ప్రతిష్ఠ. పక్క మఠంవాళ్లు, ఇది దైవభక్తి కాదు, డాబు అని అప్పుడే ఫిర్యాదు చేశారు.

ఈ బొమ్మలు తడి గార మీద వేసినవి. ముందు గరుకు పూత. దాని మీద ఆ రోజు ఎంత వేయగలడో అంతమేరకే నున్నటి సున్నపు పూత. అది ఆరేలోపు రంగు పడాలి. సున్నం గాలి తగిలి రాయిగా మారుతూ రంగును తనలో బిగించుకుంటుంది. దగ్గరికెళ్లి చూస్తే ఏ రోజు పని ఎక్కడ ఆగిందో అతుకు కనపడుతుంది. ముఖం ఉన్నచోట చిన్న ముక్క, ఆకాశం ఉన్నచోట పెద్ద ముక్క. నీలం ఒక్కటీ చిక్కు. తడి సున్నంతో దానికి పొసగదు, అందుకని గోడ ఆరాక జిగురుతో వేసేవాళ్లు. మేలైన నీలం అఫ్ఘనిస్తాన్‌లోని బదక్షాన్ గనుల రాయి నుంచి వచ్చేది, మహా ఖరీదు. యేసు పుట్టిన దృశ్యంలో మరియమ్మ కట్టుకున్న బట్ట చూడండి, నీలం చాలా మటుకు రాలిపోయింది. చవక రంగులు గోడలో కలిసిపోయి నిలబడ్డాయి, ఖరీదైనది పొరలు పొరలుగా ఊడింది.

బయటికి వచ్చేముందు ఇంకొకటి. బలిపీఠం ముందున్న ఆర్చికి అటూ ఇటూ రెండు చిన్న గదులు కనపడతాయి. లోపల పైకప్పు, కిటికీ, వేలాడే దీపం. అవి గదులు కావు, చదును గోడ మీద వేసిన బొమ్మలు. 1305 నాటికే ఒక పెయింటర్‌కి గోడకు కన్నం పెట్టకుండా గది కట్టాలన్న సరదా పుట్టింది. ఇది ఎక్కడిదాకా పోతుందో చివర్లో చూద్దాం.

ఇప్పుడు ఫ్లోరెన్స్. దీనికి కాస్త సమయం తీసుకుంటాను. 1296లో అక్కడ కొత్త కేథడ్రల్ మొదలైంది. 1367లో ఊరి పెద్దలు ఒక నమూనాను ఆమోదించారు. అందులో ఎనిమిది పలకల గుమ్మటం, దాదాపు 43 మీటర్ల వెడల్పు. బయట ఫ్లయింగ్ బట్రెస్‌లు ఉండకూడదు. దాన్ని ఎలా కట్టాలో ఆమోదించినవాళ్లకు తెలియదు. కింద గోడలు లేచేసరికి ఎవడో ఒకడు పుడతాడులే అన్న ధైర్యం! అలా 50 ఏళ్లు గడిచాయి. గోడలు లేచాయి. 50 మీటర్లకు పైన పెద్ద కంత, వాన నేరుగా లోపలికి.

చిక్కల్లా సెంట్రింగ్‌తోనే. ఆర్చి గానీ గుమ్మటం గానీ కట్టేటప్పుడు కింద చెక్క ఆధారం పెట్టి, దాని మీద రాయి పేర్చి, సున్నం బిగిశాక చెక్క తీసేయాలి. ఇంత వెడల్పుకి, అంత ఎత్తులో సెంట్రింగ్ వేయాలంటే ఎన్ని అడవులు కావాలి? పైగా తన బరువుకే వంగకుండా ఆ చెక్క నిలుస్తుందా? 1418లో పోటీ ప్రకటించారు, బహుమతి 200 బంగారు ఫ్లోరిన్లు. ఫిలిప్పో బ్రూనెలెస్కీ అనే స్వర్ణకారుడు వచ్చి, సెంట్రింగ్ లేకుండా కడతానన్నాడు. ఎలాగో చెప్పమంటే చెప్పడు.  కట్టడం బాధ్యత చూసే ఉన్ని వర్తకుల సంఘానికి నమ్మకం పూర్తిగా కుదరలేదు. ఆయన పక్కన లొరెంజో గిబెర్టీని కూడా సమాన జీతంతో కూర్చోబెట్టారు. 1401లో బాప్టిస్టరీ, అంటే బాప్తిస్మమిచ్చే మందిరం, దాని కంచు తలుపుల పోటీలో ఫిలిప్పోని ఓడించింది ఆ గిబెర్టీయే. పొసగుతుందా? కొన్నేళ్లకు ఫిలిప్పో జీతం 100 ఫ్లోరిన్లకు చేరింది, గిబెర్టీది ఎక్కడిదక్కడే ఉంది.

1420 ఆగస్టులో పని మొదలైంది. ఆయన చేసిందేమిటంటే, ఒక గుమ్మటం కాదు, ఒకదానిలో ఒకటి రెండు. లోపలిది మందం, బయటిది పల్చన, మధ్యలో మనిషి నడిచే దారి. ఇవాళ 463 మెట్లెక్కి మీరు వెళ్లేది ఆ సందులోంచే. కింది భాగం రాయి, పైకి పోయేకొద్దీ తేలికని ఇటుక. ఇటుకల వరస లోపలికి వాలుతూ పోతుంది, మరి సున్నం ఆరేలోపు జారిపోదా? దానికి ఆయన మందు ఇది. కొన్ని అడ్డం ఇటుకలకు ఒకసారి ఒక ఇటుక నిలువుగా పెట్టాడు. ఆ నిలువు ఇటుక కింది వరసలో పళ్లు దింపి, పై వరసను జారకుండా పట్టుకుంటుంది. వరస చుట్టూ తిరిగి కలిసిందంటే అది ఒక వలయం. వలయం లోపలికి పడదు, ఒకదాన్నొకటి నొక్కుకుని నిలబడుతుంది. అంటే కట్టినంత మేర కట్టినట్టే గట్టిపడుతూ వస్తుంది. అలా 40 లక్షలకు పైగా ఇటుకలు.

లోపలికి పడదు సరే, అడుగున బయటికి విచ్చుకోదా? విచ్చుకుంటుంది. గుమ్మటం అడుగు ఎప్పుడూ బయటికి తన్నుతూనే ఉంటుంది. ఎడ్లబండి చక్రానికి ఎర్రగా కాల్చిన ఇనుప పట్టా ఎందుకు ఎక్కిస్తారు? ఆకులు విడిపోకుండా. అదే పనికి ఆయన ఇసుకరాతి దిమ్మెల్ని ఇనుప బిగింపులతో కలిపి గుమ్మటం చుట్టూ గొలుసుల్లా తిప్పాడు. చెస్ట్‌నట్ దూలాలతో ఒక గొలుసు కూడా వేశాడు. ఇవన్నీ గోడ లోపలే, పైకి కనపడవు.

సామాను పైకి ఎక్కించే యంత్రం కూడా ఆయనదే. కింద ఎద్దులు గానుగలా తిరుగుతుంటాయి. బరువు ఎక్కించాక ఖాళీ తాడు దించాలంటే ఎద్దుల కాడి విప్పి, వెనక్కి తిప్పి కట్టాలి కదా? ఆయన పళ్లచక్రాలు రెండు పెట్టి, ఒకదాన్ని తప్పించి ఇంకోదాన్ని తగిలించే ఏర్పాటు చేశాడు. ఎద్దులు ఒకే దిక్కుకి తిరుగుతుంటే తాడు ఎక్కుతుంది, దిగుతుంది. తర్వాతి తరంలో లియొనార్దో దా వించీ కూర్చుని ఆ యంత్రాల బొమ్మలు గీసుకున్నాడు. అన్నీ గెలుపులే అనుకోకండి. పాలరాయి తేవడానికి ఒక వింత పడవ తయారుచేసి, 1421లో దానికి పేటెంట్ కూడా తెచ్చుకున్నాడు. ఆ పడవ ఆర్నో నదిలో సరుకుతో సహా మునిగింది. 1434లో, గుమ్మటం ఇంకా నడుస్తుండగానే, సంఘానికి చందా కట్టలేదని మేస్త్రీల సంఘం ఆయన్ని జైల్లో వేయించింది! ఉన్ని వర్తకులు పరుగెత్తి విడిపించుకున్నారు. 1436లో గుమ్మటం పూర్తయింది. దాని నెత్తిన లాంతరు అనే చిన్న పాలరాతి మండపం పని 1446లో మొదలైన కొద్ది వారాలకే ఆయన పోయాడు.

ఒక్క విషయం. ఆ గుమ్మటానికి పగుళ్లున్నాయి, ఎప్పటినుంచో ఉన్నాయి. ఇప్పుడు వాటిని పరికరాలతో కొలుస్తూ ఉంటారు. బరువు ఎప్పుడూ ఎటో పోతూనే ఉంటుంది కదా.

రోమ్‌లో పోపుల పెద్ద చర్చి సెయింట్ పీటర్స్‌దీ అదే జబ్బు. 1506లో పోప్ రెండో జూలియస్ పునాదిరాయి వేశాడు. బ్రమాంతే మొదలుపెట్టాడు, మధ్యలో ఎందరో చెయ్యి చేసుకున్నారు, ముసలితనంలో మికెలాంజెలో పట్టుకున్నాడు, ఆయన పోయాక గుమ్మటాన్ని జాకొమో దెల్లా పోర్తా 1590లో ముగించాడు. ఖర్చు తట్టుకోలేక పాపక్షమాపణ పత్రాలు అమ్మారు. జర్మనీలో ఆ అమ్మకం చూసి మండిపడి, 1517లో మార్టిన్ లూథర్ అనే మఠవాసి నిరసనగా రాసినవే ఆ ప్రసిద్ధ 95 వాక్యాలు. ఒక గుమ్మటం ఖర్చులో సగం యూరప్ క్యాథలిక్ చర్చి చెయ్యిజారింది అనొచ్చు, కాస్త అతిశయోక్తే అనుకోండి. 18వ శతాబ్దానికి ఆ గుమ్మటంలో పగుళ్లు భయపెట్టేంత పెరిగాయి. పాదువా నుంచి జొవాన్నీ పొలేనీ అనే ప్రొఫెసర్ని పిలిచారు. ఆయన ఒక దారం వేలాడదీసి, గుమ్మటంలో ఒక్కో భాగం ఎంత బరువో ఆ నిష్పత్తిలో దానికి గుండ్లు కట్టాడు. దారం వేలాడిన వంపును తలకిందులు చేసి గుమ్మటం బొమ్మ మీద పెడితే, అది గోడ మందం లోపలే పడింది. అంటే పడిపోదు. అయినా చుట్టూ ఇనుప పట్టాలు బిగించమన్నాడు, బిగించారు. బరువు దారిని ఇలా కంటికి కనపడేట్టు గీయడానికి 1743 దాకా ఆగాల్సొచ్చింది.

ఇక వెలుగు సంగతికి వద్దాం. లూథర్ దెబ్బ తిన్నాక క్యాథలిక్ చర్చి ట్రెంట్ నగరంలో ఏళ్ల తరబడి సభ జరిపింది. 1563 డిసెంబరులో బొమ్మల గురించి తీర్మానం చేసింది. బొమ్మలు ఉండాలి, అవి చదువురాని జనాన్ని కదిలించాలి, పిచ్చి అలంకారాలు వద్దు. ఆ కదిలించడం అన్న మాటను చిత్రకారులు ఎవరికి తోచినట్టు వాళ్లు తీసుకున్నారు.

రోమ్‌లో సాన్ లూయీజీ చర్చిలో ఒక పక్క చిన్న చాపెల్. అందులో చిత్రకారుడు కరవాజ్జో 1600 ప్రాంతంలో వేసిన మత్తయి చిత్రాలున్నాయి. సుంకం వసూలు చేసే పని వదిలి యేసు శిష్యుడైనవాడు ఈ మత్తయి. ఎడమ గోడ మీదది 'మత్తయికి పిలుపు'. చీకటి గది, బల్ల చుట్టూ సుంకం లెక్కపెట్టుకునే మనుషులు. కుడివైపునుంచి యేసు చెయ్యి చాపాడు, ఆ చేతి పైనుంచి ఒక వాలు వెలుగు గోడ మీద పడింది. బొమ్మలో ఒక కిటికీ ఉంది చూడండి, దాని నుంచి చుక్క వెలుగు రాదు. మరి ఎక్కడిది? చాపెల్‌లో బలిపీఠం మీద నిజం కిటికీ ఒకటి ఉంది, అది బొమ్మకు కుడివైపునే. నిజం ఎండ వచ్చే దిక్కునుంచే బొమ్మలో వెలుగు పడేలా ఆయన చూసుకున్నాడు. మత్తయి ఎవరో తెలుసా? గడ్డపాయన తన గుండెవైపు వేలు చూపించుకుంటున్నాడని కొందరు, లేదు, పక్కనున్న తలొంచుకుని డబ్బు లెక్కపెడుతున్న కుర్రాణ్ని చూపిస్తున్నాడని ఇంకొందరు. నేను కుర్రాడి వైపే. పిలుపు వచ్చిన సంగతి ఇంకా తెలియనివాడే మత్తయి అయితే బాగుంటుంది. ఇప్పుడు ఆ చాపెల్‌లో నాణెం వేస్తే కాసేపు లైటు వెలుగుతుంది, తర్వాత ఆరిపోతుంది. టూరిస్టులందరూ ఎవరో ఒకరు నాణెం వేస్తారని ఎదురుచూస్తూ నిలబడతారు. సుంకపు గుమస్తా బొమ్మ ముందు ఆ దృశ్యం భలే నప్పుతుంది. (నవ్వులు)

కరవాజ్జో వెలుగును రంగుతో వేశాడు. శిల్పి జాన్ లొరెంజో బెర్నీనీ వెలుగునే సామానుగా వాడాడు. సాంతా మరియా దెల్లా విత్తోరియా చర్చిలో కొర్నారో చాపెల్, 1647 నుంచి 1652 దాకా చేసిన పని. తెరెసా సన్యాసిని మబ్బు మీద సోలిపోయి ఉంది, దేవదూత చేతిలో బాణం. అంత పాలరాయి గాల్లో తేలుతున్నట్టుంటుంది. ఏ ఆధారం మీద ఉందో ముందునుంచి చూస్తే తెలియదు. పైనుంచి బంగారు పూత వేసిన కడ్డీలు కిరణాల్లా దిగుతాయి, వాటి మీద నిజం ఎండ పడుతుంది. ఆ ఎండ వచ్చే కిటికీ మనకు కనపడకుండా పైన దాచాడు. షార్త్ర్‌లో కిటికీయే బొమ్మ. ఇక్కడ కిటికీ దొంగచాటుగా ఉంది, దాని ఫలితమే కనపడుతుంది. పక్క గోడల్లో థియేటర్ బాల్కనీల్లాంటివి రెండు చెక్కి, కొర్నారో కుటుంబం పెద్దల్ని అందులో కూర్చోబెట్టాడు. వాళ్లలో కొందరు తెరెసా వైపు చూడకుండా కబుర్లాడుకుంటున్నారు. సభల్లో ముందు వరసలో కూర్చునేవాళ్లు ఎక్కడైనా అంతే.

బెర్నీనీకి పోటీ బొరొమీనీ అనే ఆర్కిటెక్టు. ఒకడు పోపులకు ఇష్టుడు, మాటకారి. ఇంకొకడు ముక్కోపి, ఒంటరి, చివరికి 1667లో తన కత్తి మీద తానే పడి చనిపోయాడు. నాకు బొరొమీనీయే పెద్దవాడు. కారణం సాన్ కార్లో అనే బుల్లి చర్చి. 1638లో ఒక పేద మఠానికి ఫీజు తీసుకోకుండా మొదలుపెట్టాడు. సెయింట్ పీటర్స్ గుమ్మటాన్ని మోసే నాలుగు దిమ్మెల్లో ఒక్కటి ఆక్రమించే చోటంత ఉంటుందని చెబుతారు. పాలరాయి కొనే డబ్బు లేదు, ఇటుక, గారతోనే పని. కోడిగుడ్డు ఆకారపు గుమ్మటం లోపల శిలువలు, అష్టభుజాలు, షడ్భుజాలు, పైకి పోయేకొద్దీ చిన్నవవుతాయి, దాంతో ఉన్న ఎత్తు కంటే ఎక్కువ ఎత్తు కనపడుతుంది. గుమ్మటం అడుగున కిటికీలను అంచు వెనకాల దాచాడు. కింద నిలబడి చూస్తే, చుట్టూ వెలుగు మీద గుమ్మటం ఆనుకుని ఉన్నట్టుంటుంది. నా రెండు ప్రశ్నలకూ అక్కడ ఒకటే జవాబు వస్తుంది: బరువు వెలుగులోకే పోతోంది!

ఆఖరి కట్టడం. అదే రోమ్‌లో జెస్విట్లనే క్యాథలిక్ సన్యాసుల సంఘం వాళ్ల సాంత్ ఇగ్నాజియో చర్చి. పెద్ద చర్చి, దానికి తగ్గ గుమ్మటం కట్టాలి, కట్టలేకపోయారు. డబ్బు చాలలేదని అంటారు, పక్కనున్నవాళ్లు తమకు వెలుగు పోతుందని ఒప్పుకోలేదనీ అంటారు. జెస్విట్ సోదరుడే అయిన ఆంద్రెయా పొత్సో, అంత కష్టం ఎందుకని, 1685లో సుమారు 17 మీటర్ల గుడ్డ మీద గుమ్మటం బొమ్మ వేసి, చదునుగా పైన బిగించాడు. స్తంభాలు, కిటికీలు, పైన లాంతరు, అన్నీ ఉన్నాయి. తర్వాత హాలు కప్పంతా వేరే బొమ్మ వేసి, 1694లో ముగించాడు. గోడలు అలాగే పైకి లేచి ఆకాశంలోకి తెరుచుకున్నట్టుంటుంది. నేల మీద పాలరాతి బిళ్ల ఒకటుంది. దాని మీద నిలబడి చూస్తే కంటికి పూర్తిగా నమ్మకం కుదురుతుంది. నాలుగడుగులు పక్కకి జరిగితే స్తంభాలన్నీ తాగినవాళ్లలా ఒరిగిపోతాయి. ఇటుక లేదు, సున్నం లేదు, సెంట్రింగ్ లేదు, ఎద్దులూ లేవు.

బొమ్మలో ఆ గుమ్మటపు స్తంభాలు గోడలోంచి పొడుచుకొచ్చిన బ్రాకెట్ల మీద నిలబడి ఉంటాయి. అది చూసి కొందరు ఆర్కిటెక్టులు తప్పుపట్టారట. అంత బరువైన స్తంభాల్ని బ్రాకెట్ల మీద నిలబెడతారా, నిజం కట్టడంలో అలా చేయరు కదా అని. పొత్సో తన పుస్తకంలో ఆ సంగతి తానే రాసుకున్నాడు. తన తరఫున ఒక పెయింటర్ మిత్రుడు వాళ్లకు మాటిచ్చాడట: ఆ బరువుకి ఎప్పుడైనా బ్రాకెట్లు విరిగి స్తంభాలు కింద పడితే, రిపేరు ఖర్చంతా నేనే పెట్టుకుంటాను అని.

ప్రశ్నలుంటే అడగండి. లైట్లు వేయించండి.